ఆవిరి గది సరే, నడక ఏమైంది?

ప్రశ్న: నాకు 58 ఏళ్ళు. పదేళ్ళుగా షుగర్, బీపీ ఉన్నాయి. రెండింటికీ మాత్రలు వాడుతున్నాను. ఏడాదిగా మోకాళ్ళ నొప్పులు కూడా మొదలయ్యాయి. మా అమ్మాయి ఒక స్పాలో మూలికల ఆవిరి స్నానానికి కూపన్ కొనిచ్చింది. ‘బౌద్ధ భిక్షువులు పాటించిన చికిత్స, ఒంట్లోని విషాలన్నీ చెమటలో పోతాయి’ అని దానిమీద ఉంది. నిజమేనా? నేను వెళ్ళొచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రెండో ప్రశ్నకే ముందు చెబుతాను. మీరు వెళ్ళొద్దమ్మా.

భిక్షువుల సంగతి మాత్రం కల్పన కాదు, భిక్షువుల నియమాలు చెప్పే వినయపిటకంలో, చుల్లవగ్గ అనే భాగంలో ఉంది. బుద్ధుడి కాలం నాటి వైద్యుడు జీవకుడు ఏదో పనిమీద వైశాలి వెళ్ళాడు. అక్కడ భిక్షువులకు జనం వంతులు వేసుకుని మరీ విందులు పెడుతున్నారు. తిని తిని ఒళ్ళు బరువెక్కి జబ్బుపడ్డవాళ్ళని చూసి, ఆ వైద్యుడు బుద్ధుణ్ణి రెండు అడిగాడు. ఒకటి నడవడానికి బాట, రెండోది చెమట పట్టించే వేడి గది. ఆ గదినే జంతాఘరం అన్నారు. మీ కూపన్ వాళ్ళు రెండోది ఉంచుకుని మొదటిది వదిలేశారు. నడకను అమ్మలేరు కదా!

జంతాఘరం నియమాలు చదువుతుంటే నాకు ముచ్చటేస్తుంది. పొగ పోవడానికి గొట్టం పెట్టుకోవచ్చు. సెగకు ముఖం కాలుతోందంటే మట్టి పూసుకోవచ్చు. ఆ మట్టి కంపు కొడుతోందంటే దానికి సువాసన పట్టించుకోవచ్చు. చిన్నవాళ్ళు పెద్ద భిక్షువులకు ఒరుసుకుని కూర్చోకూడదు, పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని పీట మీద నుంచి లేపకూడదు. ఎవరికేమైందో చూసుకునే మనిషి పక్కనే ఉండే పద్ధతి అది.

విషాలంటారా? చెమటంటే చాలావరకు నీళ్ళు, కాస్త ఉప్పు. ఒంట్లో వ్యర్థాల పని చూసేవి కాలేయం, మూత్రపిండాలు. ఆవిరి గదిలో తగ్గిన బరువు రెండు గ్లాసుల మజ్జిగతో తిరిగొస్తుంది.

మిమ్మల్ని ఎందుకు వద్దన్నానంటే, హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు నేనొక పొరపాటు చేశాను. ఒక పెద్దాయన్ని ఆవిరి పెట్టెలో కూర్చోబెట్టాను. బీరువాలాంటి చెక్క పెట్టె అది, తల ఒక్కటే పైకి ఉంటుంది. నుదుటిమీద తడిగుడ్డ వేశాను, మెడ చుట్టూ తువ్వాలు కప్పాను. పొద్దున బీపీ మాత్ర వేసుకున్నారా, టిఫిన్ తిన్నారా అని మాత్రం అడగలేదు. పావుగంటకు తలుపు తీస్తే ఆయన గబుక్కున లేచి, నా భుజం మీదకే ఒరిగిపోయారు. వేడికి రక్తనాళాలు విప్పారతాయి, బీపీ పడిపోతుంది. అప్పటికే మాత్ర లోపల ఉంటే ఇంకా పడుతుంది. ఆయుర్వేదంలో చరకుడు పదమూడు రకాల స్వేదాలు, అంటే చెమట పట్టించే పద్ధతులు, చెబుతూ, చేయించకూడని వాళ్ళలో మధుమేహం ఉన్నవాళ్ళని కూడా చేర్చాడు. ఆ పదమూడింటిలో ‘జేంతాకం’ అనే వేడి గది ఉంది. పేరు వింటుంటే జంతాఘరానికి చుట్టంలా లేదూ!

ఇక మోకాళ్ళు. పిలిందవచ్ఛుడనే భిక్షువుకు ఒంట్లో వాతం చేస్తే ముందు మామూలు చెమట పట్టించారు. తగ్గకపోతే మూలికలతో, అప్పటికీ తగ్గకపోతే నిప్పుల గుంత మీద ఆకులు పరిచి, ఇలా ఒక్కో మెట్టే ఎక్కారు. కీళ్ళలో వాతానికైతే రక్తం తీసి, కొమ్ముతో లాగారు. మీకు అంత అక్కర్లేదు లెండి! వావిలాకు, ఆముదపాకు తరిగి, కొంచెం నువ్వుల నూనెతో పెనం మీద వేయించి, గుడ్డలో మూటకట్టి పది నిమిషాలు కాపడం పెట్టండి. మోకాలు ఎర్రగా వాచి వేడిగా ఉంటే ఇది చేయకుండా డాక్టరుకు చూపించండి. షుగర్ వల్ల చర్మానికి వేడి తెలియకపోవచ్చు కాబట్టి, మూట ఎంత వేడిగా ఉందో మీరు కాకుండా ఇంకొకరు తమ మణికట్టు మీద పెట్టి చూడాలి. పాదాలకు మాత్రం అసలు పెట్టకండి.

జీవకుడు అడిగిన మొదటి మందు మీకు పనికొస్తుంది. ఆ బాట ఎగుడుదిగుడుగా ఉండి భిక్షువుల పాదాలు నొప్పిపెడితే, చదును చేసుకోమన్నాడు బుద్ధుడు. మీరూ చదునైన చోటే, పొద్దున కొంత, సాయంత్రం కొంత నడవండి. షుగర్, బీపీ మాత్రలు ఆపకండి.

కూపన్ మీ అమ్మాయినే వాడుకోమనండి. ఖాళీ కడుపుతో వెళ్ళొద్దని, లేచేటప్పుడు తొందరపడొద్దని చెప్పండి.