కొత్త అయ్యగారి చేత సాక్ష్యం చెప్పించవద్దు

చిరంజీవి నాయనా,

ప్రభువు నామంలో వందనాలు. నిన్ను డీకన్‌గా, అంటే సంఘ పరిచారకుడిగా, ఎన్నుకున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పగానే చాలా సంతోషించాను. ఆదివారపు బడిలో కంఠతా వాక్యం అప్పగించకుండా కిటికీలోంచి దూకి పారిపోయినవాడివి, ఇప్పుడు సంఘ కార్యదర్శివి కూడానట. మీ పెదనాన్న ఉంటే ఊరంతా చెప్పుకుని తిరిగేవారు. ఆ సంతోషంలో ఉండగానే మీ అమ్మ రెండో మాట కూడా చెప్పింది. కొత్తగా వస్తున్న పాస్టరు గారిని వెనకటి సంఘం బాగా బాధపెట్టి పంపిందట. ఆయన వచ్చిన మొదటి శనివారం రాత్రే నువ్వు ఓదార్పు కూడిక పెట్టి, జరిగినదంతా ఆయన చేత సాక్ష్యంగా చెప్పించి, సంఘం మొత్తం చుట్టూ నిలబడి ప్రార్థన చేసేలా ఏర్పాట్లు చేస్తున్నావట. నీ మనసు మంచిదని నాకు తెలుసు. ఫోనులో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ఆ కూడిక మానుకో.

స్వాగత సభ పెట్టండి, దండ వేయండి, భోజనాలు పెట్టండి. పాస్టరు గారి ఇంటికి సున్నం వేయించండి. స్నానాల గది తలుపుకు గడియ పడుతుందో లేదో నువ్వే వెళ్లి చూడు, మిషను కాలం నాటి ఇళ్లలో అది ఎప్పుడూ పడదు. జీతం నెల మొదట్లోనే చేతికి అందాలి. మన బాప్టిస్టు సంఘాల్లో కాపరిని పిలుచుకునేది సంఘమే, పోషించాల్సిందీ సంఘమే. నాలుగు రోజులు ఆలస్యమైతే కమిటీకి ఏమీ అనిపించదు, కిరాణా కొట్టు ముందు నిలబడే అమ్మగారికి, పాస్టరు గారి భార్యకు, అనిపిస్తుంది. వెనకటి సంఘంలో ఏం జరిగిందో పిలవకముందే ఇద్దరు పెద్దలు వెళ్లి, ఇరుపక్షాలనూ అడిగి, కాగితాలు చూసి రావాలి. ఆ పని చేసే ఉంటారనుకుంటాను. చేసి ఉంటే ఆ అధ్యాయం అక్కడితో ముగిసింది, ఇక అటువైపు ఎవరూ ఫోన్లు చేయకూడదు. చేయకపోతే ఇప్పుడైనా చేయండి, గుట్టుగా చేయండి.

కూడిక ఎందుకు వద్దన్నానో చెబుతాను. నీకు తెలియని సంగతి, మీ అమ్మకు కూడా సగమే తెలుసు.

మీ పెదనాన్న పాస్టరుగా ఉన్న ఒక సంఘంలో ఆయన మీద కోతపండుగ వేలం డబ్బు తిన్నాడని నింద వేశారు. ఊరి పేరు చెప్పను, అక్కడివాళ్ల పిల్లలకు ఇప్పుడు నీ వయసు ఉంటుంది. కోతపండుగ వేలం సంగతి నీకు తెలుసుగా, గుడికి కానుకగా తెచ్చిన పంటను వేలం వేస్తే ఉత్సాహం మీద గుమ్మడికాయకు కూడా వందలు పాడతారు, ఏడాది తిరిగినా కట్టరు. లెక్కలో తేడా అక్కడే వచ్చింది. పుస్తకాలు తిరగేస్తే బాకీలు ఎవరివో తేలింది. నింద వేసినప్పుడు గుడిలో నిలబడి అందరి ముందు వేశారు. తప్పు లేదని తేలాక మాత్రం ఆ మాట గుడిలో చెప్పినవాళ్లు లేరు. మేం సామాను సర్దుకున్నాం.

తర్వాత వెళ్లిన సంఘం మంచిది, ఇప్పటికీ మంచిదనే అంటాను. మా సంగతి విని పెద్దలు కంటతడి పెట్టుకున్నారు. స్వాగత సభలో సంఘ పెద్ద లేచి, "అయ్యగారు చాలా నలిగి వచ్చారు, మన దగ్గరైనా మనసు విప్పి చెప్పుకోవాలి" అని మైకు చేతికిచ్చాడు. ఆయనకు చెప్పాలని లేదు. సంఘమంతా ఎదురుచూస్తుంటే వద్దనడం ఎలా? చెప్పారు. మధ్యలో గొంతు పూడుకుపోయింది. ఆడవాళ్లు ఏడ్చారు, యవ్వనస్థులు వచ్చి కాళ్లు పట్టుకున్నారు. చూడడానికి ఎంతో బాగుంది. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. "నన్ను నేనే తీసుకెళ్లి వాళ్ల చేతుల్లో పెట్టి వచ్చాను" అన్నారు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

మొదటి ఏడాది అందరూ జాలి చూపించారు. పాలు పోసేవాడు కూడా "ఇప్పుడు మనసు ఎలా ఉందండీ" అని అడిగేవాడు. పుండు మానిందా అని రోజూ కట్టు విప్పి చూస్తే అది మానుతుందా? రెండో ఏడాది గుడికి ప్రహరీ గోడ ముందా, పైకప్పు ముందా అని చర్చ వచ్చింది. వానలు దగ్గరపడ్డాయి, కప్పు ముందు బాగుచేయిద్దామన్నారు ఈయన. మామూలు మాట. గోడ కావాలన్న పెద్దమనిషి దానికి జవాబు చెప్పలేదు. పక్కవాళ్ల వైపు తిరిగి, "పాపం, అయ్యగారికి అక్కడ జరిగినదాని భయం ఇంకా పోలేదు, ఖర్చు మాట వస్తే కంగారుపడతారు" అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడో! అందరూ తలలూపారు. గోడే కట్టారు. ఆ వానలకు బీరువాలోకి నీళ్లు దిగి బాప్తిస్మాల రిజిస్టరు సగం తడిసిపోయింది.

అప్పటి నుంచి అదే వరస. కోప్పడితే పాత గాయం, ఊరుకుంటే పాత గాయం, జ్వరమొచ్చి పడుకున్నా పాత గాయమే. ఆయన మాటలో తప్పొప్పులు చూడడం మానేసి, ఆయన మనసును పరీక్షించడం మొదలుపెట్టారు. నిందించిన సంఘంలో ఎదురు వాదించే వీలైనా ఉండేది. జాలిపడే సంఘంలో అదీ లేకుండా పోయింది. అక్కడి నుంచి వెళ్లిపోయేటప్పుడు కూడా దండలు వేసి, ఏడ్చి పంపారు.

అందుకే చెబుతున్నాను, ఆయన గాయం మీ సంఘానికి ప్రార్థనాంశం కాకూడదు. వాట్సాప్ గ్రూపులో "నలిగిన మన దైవజనుని కోసం ప్రార్థించండి" అని పెట్టావో, తెల్లారేసరికి జిల్లా అంతా తెలుస్తుంది. ఆయనంతట ఆయన ఎవరితోనైనా చెప్పుకుంటే ఆ ఒక్కరూ వినాలి, విని తమలోనే ఉంచుకోవాలి.

మరి ఏం చేయాలంటావు. అదే సంఘంలో కోశాధికారి ఒకాయన ఉండేవారు, టైలరు. స్వాగత సభలో మా కథ విన్నారు, ఆ తర్వాత ఒక్కసారి కూడా దాని ఊసెత్తలేదు. కానుక సంచులు గుడిలోనే, అందరూ ఉండగానే, ఇద్దరి చేత లెక్కపెట్టించి మొత్తం నల్లబల్ల మీద రాయించేవారు. అయ్యగారి చేతికి పైసా రానిచ్చేవారు కాదు. పుస్తకం మాత్రం ప్రతి సోమవారం తెచ్చి చూపించి సంతకం చేయించేవారు, వేలం బాకీలు పేర్లతో సహా. మొదట్లో మీ పెదనాన్నకు కష్టం వేసింది, నన్ను నమ్మక ఇలా చేస్తున్నాడా అని. అడిగేశారు కూడా. ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండానే, "రేపు మీ మీద ఎవరైనా మాట అంటే చూపించడానికి నా దగ్గర కాగితం ఉండాలి కదండీ" అన్నారు. ఆ రాత్రి మీ పెదనాన్న కడుపునిండా తిన్నారు.

మీ పెదనాన్న దేవదూత ఏమీ కాదు. నింద పడ్డాక మనిషిలో అనుమానం పెరిగింది. ఇద్దరు గుసగుసలాడితే తన గురించే అనుకునేవారు. ఒక ఆదివారం పాటల బృందంలో నవ్విన కుర్రాణ్ణి ప్రసంగం మధ్యలో పేరు పెట్టి తిట్టారు. మరునాడు పుస్తకం మీద సంతకం అయ్యాక ఆ టైలరు గారే, "నిన్న ఆ పిల్లాడి పేరు తీయకుండా ఉండాల్సిందండీ, వాడి తల్లి ముందు వరుసలోనే కూర్చుంది" అన్నారు. పాత గాయం మాట లేదు, ఓదార్పు లేదు. తప్పు తప్పని చెప్పారు, అంతే. ఈయన సాయంత్రం వాళ్లింటికి నడిచి వెళ్లారు. అయ్యగారు నొచ్చుకుంటారేమో అని మీరందరూ నోరు మూసుకున్నారనుకో, ఆ భారం మోసేది సంఘంలో నోరులేనివాళ్లు. గాయం పేరు చెప్పి అన్నింటినీ కప్పవద్దు. పిల్లల జోలికో ఆడవాళ్ల జోలికో వెళ్లే తప్పు ఎవరు చేసినా అది నేరం. దానికి ప్రార్థన కూడిక కాదు, పోలీసు స్టేషన్ ఉంది.

ఆకాశరామన్న ఉత్తరాలు తప్పకుండా వస్తాయి. కార్యదర్శివి కాబట్టి నీకే వస్తాయి. డబ్బు గురించీ పదవుల గురించీ పేరులేకుండా వచ్చినదాన్ని కమిటీలో చదవకు. పెద్ద మీద ఫిర్యాదు తీసుకోవాలంటే ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండాలని పౌలు తిమోతికి రాసింది ఇలాంటివాటి కోసమే.

ఇంకొకటి, మీ పెద్దల్లో ఒకాయన ఈ ఏడాది ఎంతమందికి బాప్తిస్మాలు ఇవ్వాలో ముందే అంకె అనుకుంటున్నాడని విన్నాను. ఆయనకు ఒంగోలు సంగతి గుర్తుచెయ్యి. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని మనవాళ్లు ప్రతి సభలో చెబుతారు, పాస్టరు నెత్తిన ఆ అంకె పెడతారు. దానికి ముందు సంగతి ఎవరూ చెప్పరు. 1854 జనవరి 1న అమెరికా బాప్టిస్టు మిషనరీ జూయెట్ దొర తెల్లవారకముందే ఒంగోలు కొండ ఎక్కినప్పుడు ఆయనతో కలిపి అక్కడ ఉన్నది అయిదుగురు. ఫలితం లేదు, ఈ మిషన్ మూసేద్దామని అమెరికాలో చర్చ జరుగుతున్న రోజులవి. తర్వాత వచ్చిన మిషనరీ క్లౌ దొర కరువులో బకింగ్‌హామ్ కాలువ పని కొంత కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. ఆ కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మం ఇమ్మని ఎంతమంది వచ్చినా ఏడాదికి పైగా ఇవ్వలేదు, అన్నం కోసం వచ్చారేమోనని. ఆయనే ఆగగలిగితే మీ పెద్దాయన ఒక్క ఏడాది ఆగలేడా?

బైబిల్లో ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని బదరీవృక్షం కింద పడుకున్నప్పుడు దూత రొట్టె పెట్టింది, నీళ్లిచ్చింది, మళ్లీ పడుకోనిచ్చింది, మళ్లీ లేపి పెట్టింది. "ఇక్కడేం చేస్తున్నావు" అన్న ప్రశ్న హోరేబుకు చేరాకే వచ్చింది. రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం, ఈసారైనా కిటికీ దూకకుండా చదువు. వారానికి ఒక రోజు పూర్తిగా సెలవు ఇవ్వండి, ఆ రోజు చావు తప్ప ఏ కబురూ పంపకండి. నిద్ర పట్టడం లేదనో, తిండి సహించడం లేదనో తెలిస్తే ప్రార్థన చాలలేదని ఎవరూ అనకూడదు. మనవాళ్లు గుండెకూ కిడ్నీకీ వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వెళ్తారు, అక్కడ మనసుకూ డాక్టర్లు ఉన్నారని చెప్పు. అంత దూరం వద్దనుకుంటే మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వం వాళ్ల ఫోను సేవ టెలీ మానస్ ఉంది, 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు ఆయన ఒక్కడికే అని ఇవ్వకు, గుడి నోటీసు బోర్డు మీద అందరికీ పెట్టు.

అమ్మగారి సంగతి మరచిపోకండి. నింద ఆయన మీద పడినా, కుళాయి దగ్గర దాన్ని వినేది ఆవిడ. వచ్చీరాగానే స్త్రీల సమాజానికి అధ్యక్షురాలిని చేసేయకండి. పిల్లలకు బడి ఎక్కడ దొరుకుతుందో చూడండి, మధ్యలో చేర్చుకోమంటే తిప్పుతారు, నువ్వు వెంట వెళ్లు.

శనివారం కూడిక రద్దు చేశావో లేదో నాకు ఫోన్ చేసి చెప్పు. కరపత్రాలు అచ్చు వేయించావని మీ అమ్మ అంది. వెనక్కి తెప్పించు, ప్రెస్సు డబ్బు నేను పంపుతాను. నేను అమ్మగారికి ఫోన్ చేస్తానని మాత్రం అనుకోకు. నా నంబరు ఆవిడకు ఇవ్వు, పాస్టరు గారి భార్యగా ఉండి వచ్చిన ముసలావిడ అని చెప్పు, చాలు. ఇష్టమైతే ఆవిడే చేస్తుంది.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ