అండం ఇచ్చినవాళ్ల సంగతేంటి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: గొర్రెను క్లోన్ చేశారు, కోతినీ చేశారు. మనిషి దగ్గరికొచ్చేసరికి వద్దంటున్నారు. మతాల భయమా?

జవాబు: అదీ కొంత ఉంది గానీ, లెక్కలు చూస్తే మతం అక్కర్లేకుండానే వద్దనిపిస్తుంది. క్లోన్ అంటే ఒక ప్రాణి కణంలోని జన్యువుల్ని, సొంత జన్యువులు తీసేసిన అండంలో పెట్టి దానికి నకలు పుట్టించడం. 1996లో స్కాట్లాండ్‌లోని రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో డాలీ అనే క్లోన్ గొర్రె కోసం 277 అండాలతో ప్రయత్నిస్తే గొర్రెల గర్భంలోకి పంపదగ్గ పిండాలు 29 తేలాయి, పుట్టింది ఒక్కటి. ఇదే లెక్క మనుషులకు వేసి చూడండి, అన్ని అండాలు ఎంతమంది ఆడవాళ్ల నుంచి తీయాలి, ఎన్ని గర్భాలు పోవాలి, బిడ్డ లోపంతో పుడితే జవాబు ఎవరు చెప్పాలి? 2018లో చైనా వాళ్లు ప్రకటించిన కోతి పిల్లలు రెండూ గర్భస్థ పిండం కణాలతో చేసినవి. ఎదిగిన కోతి కణాలతో చేసిన పిల్లలు పుట్టిన కొద్దిసేపటికే చనిపోయాయి.

క్లోన్ చేస్తే పోయిన మనిషి తిరిగొస్తాడన్న ఆశ కూడా పెట్టుకోకండి. 2001లో టెక్సాస్‌లో మూడు రంగుల పిల్లిని క్లోన్ చేస్తే పుట్టిన కూనకు ఆ నారింజ రంగు మచ్చలే లేవు. జన్యువులు అవే, పిల్లి వేరు.

ప్రశ్న: చర్మకణాల నుంచే స్టెమ్ సెల్స్ (ఒంట్లోని రకరకాల కణాలుగా మారగల మూలకణాలు) చేస్తున్నారు కదా, ఇంకా పిండాలెందుకు? పిండాల్ని చెరిచి ఆ కణాలు తీయొచ్చా అన్న గొడవ తీరిపోయిందనుకున్నాను.

జవాబు: తగ్గింది, తీరలేదు. జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాకా 2006లో ఎలుక కణాలతో, మరుసటి ఏడాది మనిషి కణాలతో ఆ పని చేసి చూపించాడు, 2012లో జాన్ గర్డన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. కానీ అలా తయారైన కణాలు పిండం నుంచి తీసిన అసలు వాటిలాగే పనిచేస్తున్నాయా అని పోల్చి చూడాలన్నా, గర్భం తొలిరోజుల్లోనే ఎందుకు పోతుందో తెలుసుకోవాలన్నా పిండాలు కావాల్సిందే. బ్రిటన్‌లో 1984లో పిండాల పరిశోధనపై వేసిన వార్నక్ కమిటీ చెప్పిన హద్దు, అంటే ల్యాబులో పిండాన్ని 14 రోజులకు మించి పెంచకూడదన్నది, అక్కడ 1990లో చట్టమైంది, చాలా దేశాలు దాన్నే పట్టుకున్నాయి. దాదాపు ఆ సమయానికి పిండంలో వెన్ను వైపు తొలి గీత కనిపిస్తుంది, ఆ తర్వాత అది కవలలుగా విడిపోవడం దాదాపు జరగదు. ఎక్కడో ఒకచోట గీత గీయాలి కాబట్టి అక్కడ గీశారు, అంతే.

నాకు చిరాకు పుట్టించేది ఇంకోటి. పిండం మనిషా కాదా అని గంటలు గంటలు వాదించేవాళ్లు అండం ఇచ్చిన మనిషి ఊసెత్తరు. దక్షిణ కొరియాలో హ్వాంగ్ వూ సుక్ అనే ఆయన 2004, 2005లో క్లోన్ చేసిన మానవ పిండాల నుంచి స్టెమ్ సెల్స్ తీశానని ప్రపంచమంతా చాటాడు, 2006కల్లా అది మోసమని తేలిపోయింది. అందరికీ మోసమే గుర్తుంది. దాని కోసం ఆడవాళ్ల నుంచి 2,000కు పైగా అండాలు తీశారు, ఇచ్చినవాళ్లలో ఆయన ల్యాబ్‌లో పనిచేసే జూనియర్లు కూడా ఉన్నారు. రోజూ హార్మోన్ ఇంజెక్షన్లు, మత్తిచ్చి సూదితో అండాలు తీయడం, కొందరికి అండాశయాలు వాచి ఆసుపత్రిలో చేరాల్సి రావడం, ఇదంతా బాస్ అడిగితే ఇచ్చిన సమ్మతి కింద చెల్లిపోయింది.

ప్రశ్న: ఐవీఎఫ్‌తో మాకు ఇద్దరు పిల్లలు. ఇంకా మూడు పిండాలు ఫ్రీజ్ చేసి ఉన్నాయి. మావారు పారేయమంటున్నారు, నాకు మనసొప్పడం లేదు. తమాషా ఏంటంటే అబార్షన్ స్త్రీ హక్కు అని వాదించేదాన్ని నేనే. నాది ద్వంద్వ నీతా?

జవాబు: కాదమ్మా. అబార్షన్ హక్కు మీ ఒంటికి సంబంధించింది, మీ గర్భంలో ఏం జరగాలో మీరే చెప్పాలి. ఫ్రీజర్‌లో ఉన్నవి ఎవరి ఒంట్లోనూ లేవు కాబట్టి ఆ వాదన ఇక్కడికి రాదు, వాటి మీద మీకున్న మమకారం వల్ల ఆ హక్కుకేమీ తరుగు రాదు.

కోర్టులే తికమకపడ్డాయి. అమెరికాలోని టెన్నెసీలో 1992లో విడిపోయిన జంట కేసులో, పిండం మనిషీ కాదు ఆస్తీ కాదు, ప్రత్యేక గౌరవం ఉన్నది అన్నారు, మామూలుగా అయితే తల్లో తండ్రో కావడం ఇష్టం లేని వారి మాటే నెగ్గాలన్నారు. నాకది సబబే అనిపిస్తుంది. కానీ 2007లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకు వచ్చిన బ్రిటన్ కేసు ఉంది చూశారూ, జబ్బు వల్ల అండాశయాలు తీసేయించుకున్న ఆవిడకు సొంత బిడ్డ పుట్టాలంటే అంతకుముందు భాగస్వామితో కలిసి ఫ్రీజ్ చేయించుకున్న పిండాలే దిక్కు, మాజీ భాగస్వామి సమ్మతి వెనక్కి తీసుకున్నాడని కోర్టు కుదరదంది. 17 మంది జడ్జీల్లో నలుగురు ఒప్పుకోలేదు, నాకూ ఆ తీర్పు మింగుడుపడదు. ఇక 2024 ఫిబ్రవరిలో అలబామా సుప్రీంకోర్టు ఫ్రీజ్ చేసిన పిండాలూ పిల్లలే అనేసరికి అక్కడ కొన్ని క్లినిక్‌లు ఐవీఎఫ్ ఆపేశాయి, పిల్లలు కావాలని వచ్చినవాళ్లే మధ్యలో ఇరుక్కుపోయారు, కొద్ది వారాల్లోనే క్లినిక్‌లకు రక్షణగా చట్టం తేవాల్సొచ్చింది.

మీరు ముందు ఐవీఎఫ్ మొదలుపెట్టినప్పుడు ఇద్దరూ సంతకం చేసిన సమ్మతి పత్రం తీసి చదవండి, మిగిలిన పిండాల గురించి అందులో ఏదో ఒకటి రాసే ఉంటుంది. పారేయడం ఒక్కటే దారి కాదు, చట్టం ఒప్పుకునే చోట పరిశోధనకో ఇంకో జంటకో ఇవ్వొచ్చు. ఇంకో జంటకిస్తే ఎక్కడో మీ పిల్లల తోబుట్టువు పెరుగుతుందన్న ఆలోచనకు మీవారు కూడా సిద్ధపడాలి. ఇద్దరికీ కుదిరేదాకా కొంతకాలం అలా ఉంచితే కొంపేం మునగదు, ఫీజు కట్టగలగాలి, చట్టం ఇచ్చిన గడువు దాటకూడదు, అంతే.

ప్రశ్న: మా నాన్నగారికి చూపు తగ్గుతోంది. స్టెమ్ సెల్ ఇంజెక్షన్ 'ట్రయల్'లో ఉందట, డబ్బు కడితే చేర్చుకుంటారట. వెళ్లమంటారా?

జవాబు: వద్దు. ఫ్లోరిడాలో ఇలాగే డబ్బు కట్టి చేరిన, డెబ్బై దాటిన ముగ్గురు ఆడవాళ్లకు వాళ్ల పొట్ట కొవ్వు నుంచి తీసిన కణాలు రెండు కళ్లల్లోనూ ఒకే రోజు ఎక్కించారు, ముగ్గురికీ చూపు దారుణంగా పోయింది. 2017లో వైద్య పత్రికలో వచ్చింది. నికార్సైన పరిశోధన చేసేవాళ్లు ముందు ఒక కన్నే ముట్టుకుంటారు, చికిత్సకు రోగి దగ్గర డబ్బు తీసుకోవడమూ సాధారణంగా ఉండదు. బ్లడ్ క్యాన్సర్‌కు ఎముక మజ్జ మార్పిడి లాంటివి ఎప్పుడో రుజువైన స్టెమ్ సెల్ వైద్యాలు, వాటి పేరు చెప్పి వీటిని అమ్ముతున్నారు. నాన్నగారిని మామూలు కంటి డాక్టరుకే చూపించండి.