ఆర్బరిస్ట్ పరీక్ష: గైడ్ రెండుసార్లు చదివినా మాక్ టెస్టులో అరవై దాటడం లేదంటే

మీరు మూడేళ్లుగా చెట్లెక్కి పనిచేస్తున్నారు. ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బరీకల్చర్ వారి సర్టిఫైడ్ ఆర్బరిస్ట్ (చెట్ల సంరక్షణ నిపుణుడు) పరీక్షకు పది వారాలుంది. గైడ్ రెండుసార్లు తిరగేసినా మాక్ టెస్టుల్లో నూటికి అరవై దగ్గరే ఆగిపోతున్నారు. ఏది ముందు చదవాలి, ఏది తర్వాత అని అడిగారు.

పరీక్షలో 200 ప్రశ్నలు, మూడున్నర గంటల సమయం. ప్రశ్నకు 63 సెకన్లు దొరుకుతాయి కాబట్టి సమయం చాలదన్న భయం అక్కర్లేదు. మూడేళ్ల పూర్తికాలపు అనుభవం ఉందన్నారు గనక అర్హతకూ ఢోకా లేదు. చిక్కు చదివే వరుసలో ఉంది. గైడ్‌ను మొదటి పేజీ నుంచి చివరిదాకా మూడోసారి చదవకండి. మొదటి రెండు వారాలూ చెట్టు జీవశాస్త్రానికే ఇవ్వండి. కత్తిరింపు, రోగ నిర్ధారణ, ప్రమాద అంచనా, నిర్మాణ పనుల దగ్గర చెట్ల రక్షణ, ఈ నాలుగింట్లోని సగం ప్రశ్నలు జీవశాస్త్రమే వేషం మార్చుకొని వచ్చినవి.

అందులోనూ 'కోడిట్' అనే భాగం దగ్గర ఎక్కువసేపు ఆగండి. అలెక్స్ షైగో చెప్పిన ఈ నమూనా ప్రకారం చెట్టు గాయం మన చర్మంలా మానదు. చెడిన చెక్కను చెట్టు గోడలు కట్టి వేరుచేస్తుంది, దానిమీద కొత్త చెక్కను పెంచుకుంటుంది. ఒకటో గోడ నాళాలను పైనా కిందా మూసి కుళ్లు నిలువుగా పాకకుండా చూస్తుంది. రెండోది, ఏటేటా వలయం చివర ఏర్పడే దట్టమైన కణాల వరుస, కుళ్లును లోపలికి పోనివ్వదు. మూడోది రే కణాలతో, అంటే కాండం లోపలి నుంచి బయటికి గీతల్లా సాగే కణాలతో, పక్కలకు అడ్డుపడుతుంది. నాలుగోది గాయమయ్యాక కాంబియం, అంటే బెరడు కింద కొత్త కణాలు పుట్టే పొర, కొత్తగా కట్టేది. ఒకటోది అన్నిటికంటే బలహీనం, నాలుగోది అన్నిటికంటే బలం. ఇంతవరకు అందరూ కంఠతా పడతారు. పరీక్ష అడిగేది దీని తర్వాతి మెట్టు. కుళ్లు సన్నగా, పొడుగ్గా ఎందుకు పాకుతుంది? ఒకటో గోడ బలహీనం కాబట్టి. లోపలంతా తొర్రపోయిన చెట్టు పచ్చగా ఎలా బతుకుతుంది? గాయమైన తర్వాత పెరిగిన చెక్కను నాలుగో గోడ కాపాడుతుంది కాబట్టి. తొర్రను గట్టి చెక్క తగిలేదాకా గీకి శుభ్రం చేస్తే? ఆ గోడను మీ చేత్తో మీరే పగలగొట్టినట్టు. ఇలా ప్రతి సూత్రానికీ 'అయితే ఏంటి' అని మీరే ప్రశ్న వేసుకోండి.

ఇది పట్టుబడితే కత్తిరింపు సగం వచ్చినట్టే. కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఉండే బ్రాంచ్ కాలర్‌లో చెట్టుకు సహజ రక్షణ ఉంటుంది. కాండానికి అంటుకునేలా కోస్తే అది పోతుంది, మోడు వదిలేస్తే గాయం మూసుకోదు, కాబట్టి కాలర్‌కు కాస్త బయట కోయాలి. బరువైన కొమ్మకు మూడు కోతలు: మొదలు నుంచి 30 సెంటీమీటర్ల పైచిలుకు దూరంలో కింది నుంచి ఒకటి, దానికి కొంచెం అవతల పైనుంచి రెండోది, మిగిలిన మోడు తీసేసే చివరి కోత మూడోది. కింది కోత వేయకపోతే కొమ్మ విరిగి పడుతూ కాండం మీది బెరడును చీల్చుకుపోతుంది. కొమ్మ పొడవు తగ్గించేటప్పుడు కోసే చోట నిలిపే పక్క కొమ్మ, తీసేసే కొమ్మ లావులో కనీసం మూడో వంతు ఉండాలి. గాయానికి రంగు పూయాలా అన్న ప్రశ్నకు మామూలుగా జవాబు 'అక్కర్లేదు'. అనుభవం ఉన్నవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. జవాబుల్లో ఒకటి ఎప్పుడూ 'సైటు మీద అందరూ చేసే పని' అయి ఉంటుంది, చెయ్యి దానిమీదికే పోతుంది.

నేల విభాగంలో టెక్స్చర్, స్ట్రక్చర్ అనే రెండు మాటలు కలగలిసిపోతాయి. ఇసుక, ఒండ్రు, బంకమట్టి పాళ్లు టెక్స్చర్. అది వాహనాలు తిరిగినంత మాత్రాన మారదు. రేణువులు ముద్దలుగా అమరిన తీరు స్ట్రక్చర్, వాహనాలు తొక్కితే చెడేది ఇదే. పెద్ద రంధ్రాలు పోయి వేళ్లకు గాలి అందదు. పోషక లోపాలకు ఒక కిటుకు: నత్రజని చెట్టులో కదులుతుంది కాబట్టి లోపం ముందు ముదురు ఆకుల్లో కనబడుతుంది. ఇనుము కదలదు కాబట్టి లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కుతాయి. నేలలో ఇనుము లేకనే ఇలా అవుతుందనుకోకండి. చాలాసార్లు పీహెచ్ ఎక్కువై అది వేరుకు అందకపోవడమే కారణం. ఎరువు లెక్క తేలికైన మార్కు: 100 చదరపు మీటర్లకు కిలో నత్రజని వేయమని, సంచి మీద 20-10-5 అని ఉంటే, మొదటి అంకె నత్రజని శాతం కాబట్టి 1ని 0.20తో భాగించాలి, 5 కిలోల ఎరువు. స్థలం 250 చదరపు మీటర్లయితే 12.5 కిలోలు.

కొన్ని అంకెలను మాత్రం కార్డుల మీద రాసుకొని బట్టీ పట్టాల్సిందే. నిలబడిన చెట్టు వ్యాసాన్ని నేల నుంచి 4.5 అడుగుల ఎత్తులో కొలుస్తారు. టేపుతో చుట్టుకొలత తీసి 3.14తో భాగించాలి, 157 సెంటీమీటర్లు వస్తే వ్యాసం 50. కాపాడాల్సిన వేళ్ల ప్రాంతానికి వాడే మోటు లెక్క వ్యాసంలో అంగుళానికి ఒక అడుగు వ్యాసార్ధం, అంటే ఈ చెట్టుకు సుమారు 6 మీటర్లు. నర్సరీ మొక్క లావు నేల నుంచి 6 అంగుళాల దగ్గర చూడాలి, అక్కడ 4 అంగుళాలు మించితే 12 అంగుళాల దగ్గర. నాటే గుంత వేరు ముద్దకు రెండు మూడు రెట్ల వెడల్పు, లోతు మాత్రం ముద్ద ఎత్తును మించకూడదు. కాండం విప్పారే చోటు నేల పైకి కనబడాలి. మల్చ్ (నేల మీద పరిచే చెక్క ముక్కలు, ఆకుల లాంటి కప్పు) 5 నుంచి 10 సెంటీమీటర్లు, కాండానికి తగలకుండా వేయాలి.

ప్రమాద అంచనా పట్టిక చూసి చాలామంది బెదురుతారు. ఖాళీ కాగితం మీద దాన్ని మీరే గీయగలిగితే చాలు. విరిగే అవకాశం నాలుగు మెట్లు: ఇంప్రాబబుల్, పాసిబుల్, ప్రాబబుల్, ఇమ్మినెంట్. విరిగింది ఎవరికైనా, దేనికైనా తగిలే అవకాశానికి మరో నాలుగు: వెరీ లో, లో, మీడియం, హై. ఈ రెండూ కలిపితే వచ్చేదాన్ని పర్యవసానాల తీవ్రతతో కలిపితే రేటింగ్ వస్తుంది. విరిగే అవకాశం ప్రాబబుల్, తగిలే అవకాశం హై అయితే రెండూ కలిసి లైక్లీ. దానికి పర్యవసానం సివియర్ అన్నది తోడైతే రేటింగ్ హై. ఎక్స్‌ట్రీమ్ అన్నది పట్టిక మొత్తంలో ఒక్క గడిలోనే ఉంటుంది: వెరీ లైక్లీ, సివియర్. పుచ్చిపోయిన పెద్ద చెట్టు ఎవరూ పోని చోట ఉందని ప్రశ్నలో చెబితే తొందరపడి హై గుర్తించకండి. తగిలే అవకాశం వెరీ లో అయితే రేటింగ్ లో దాటదు.

భద్రత విభాగంలో అనుభవం మీద నమ్మకంతో చదవడం మానేస్తారు, అది పొరపాటు. అమెరికాలో రాసేవాళ్లు చెట్ల పనిలో భద్రతకు అక్కడ పాటించే జెడ్133 ప్రమాణం తప్పకుండా చదవాలి. తగిన శిక్షణ లేనివాళ్లు 50 కిలోవోల్టుల వరకు ఉన్న తీగలకు కనీసం 10 అడుగుల దూరంలో ఉండాలి. తీగకు తగిలిన కొమ్మను ముట్టుకున్నా అది పరోక్ష స్పర్శే. రంపం ఎగదన్నేది దాని బార్ (గొలుసు తిరిగే పట్టీ) కొస పైభాగం తగిలినప్పుడు. చెట్టు పడగొట్టేటప్పుడు కోయకుండా వదిలే చెక్క పట్టీ, అంటే హింజ్, పొడవు వ్యాసంలో 80 శాతం, మందం 10 శాతం దాకా. 50 సెంటీమీటర్ల కాండానికి 40, 5 అన్నమాట. హింజ్ పూర్తిగా కోసేస్తే చెట్టు ఎటు పడుతుందో మీ చేతిలో ఉండదు.

అర్బన్ ఫారెస్ట్రీకి, అంటే నగరాల్లో చెట్ల నిర్వహణకు, రెండు మూడు రోజులు చాలు. చెట్ల గుర్తింపు మాత్రం ఒక్కరోజులో రాదు. రోజుకు పది నిమిషాలు ఆకుల అమరిక, మొగ్గలు, బెరడు చూస్తూ, శాస్త్రీయ నామాలు పైకి చదువుతూ పోండి.

ఆరో వారం నుంచి మాక్ టెస్టులు గడియారం పెట్టుకొని రాయండి. తప్పిన ప్రతి ప్రశ్న పక్కన కారణం ఒక్క మాటలో రాయండి: 'తెలియదు', 'సరిగా చదవలేదు', 'సైటు అలవాటు'. మూడోది ఎక్కువుంటే మళ్లీ గైడ్ జోలికి పోకుండా, ఆ పనికి ప్రమాణంలో ఉన్న కారణం వెతకండి. 'మొదట ఏం చేయాలి', 'కానిది ఏది' అన్న మాటల కింద గీత గీసుకోండి. 'మొదట' అని అడిగితే జవాబు చాలావరకు పరిశీలనో, చెట్టు ఏ జాతిదో తేల్చుకోవడమో అవుతుంది, మందు కొట్టడం కాదు. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకండి.