వణికే పసికందుకి జబ్బు పేరు రాసేముందు

అమ్మాయికి ఆశీస్సులు.

రాయగడలో పసిపిల్లల వార్డులో వేశారని రాశావు. తల్లి వాడిన మత్తు పుట్టాక ఒక్కసారిగా ఆగిపోయి అవస్థ పడే బిడ్డని ఎలా పోల్చుకోవాలని అడిగావు. తల్లి దగ్గర మొదలుపెట్టు.

"మత్తుమందు వాడావా" అంటే ఎవరూ ఔననరు. "ఒళ్లు నొప్పులకి, దగ్గుకి, నిద్రకి ఏం వేసుకునేదానివమ్మా" అని అడుగు. మాత్రల అట్టలు, సీసాలు తెప్పించి చూడు; నొప్పికి వేసే ట్రమడాల్, దగ్గుకి తాగే కొడీన్ సిరప్ లాంటి మత్తు మందులు అలాగే బయటపడతాయి. ఇప్పసారా, గుడాకు (పళ్లకి రాసే పొగాకు ముద్ద) పేరు పెట్టి మరీ అడగాలి, మనవైపు వాటిని మత్తులో జమకట్టరు. కువి (అక్కడి కోందుల భాష) మాట్లాడే తల్లయితే వాళ్ల ఊరి ఆశా కార్యకర్త వద్దు, కబురు ఊరికి చేరుతుందని నోరు విప్పదు. ఆ భాష వచ్చిన సిస్టర్ని పిలు.

ఆఖరిసారి ఎప్పుడు వేసుకుందో రాసుకో. సారా అయితే 3 నుంచి 12 గంటల్లోనే, హెరాయిన్ అయితే 24 నుంచి 48 గంటల్లో, మెథడోన్ (హెరాయిన్ మాన్పించడానికి ఇచ్చే మందు) అయితే 48 నుంచి 72 గంటలకి, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా బిడ్డలో తేడా కనిపిస్తుంది. అందుకే 3 రోజుల లోపు ఇంటికి పంపకూడదు. నిదానంగా దిగే మందైతే 4 నుంచి 7 రోజులు చూడాలి.

బిడ్డ వణుకుతుంటే ముందు మడమ నుంచి చుక్క తీసి షుగర్ చూడు. 45 mg/dL కంటే తక్కువుంటే ముందు దాని సంగతే చూడాలి. కాల్షియం తగ్గినా, ఇన్ఫెక్షన్ ఉన్నా ఇలాగే వణుకుతారు. వణికే చెయ్యి మెల్లగా పట్టుకో: ఆగిందా, వణుకే. నీ పట్టులోనే కొట్టుకుంటూ కళ్లు పక్కకి తిరిగితే ఫిట్స్, డాక్టర్ని పరుగున పిలవాలి.

మత్తు ఆగిన లక్షణాలకి మార్కులు వేసి స్కోరు కట్టడానికి 1975 నాటి ఫిన్నెగన్ పట్టిక ఉంది. తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. ఆకలితో ఏడుస్తుండగా వేస్తే స్కోరు ఊరికే పెరుగుతుంది. పాలు తాగాక అరగంట, గంట మధ్య వెయ్యి. ఆ క్షణాన్ని కాదు, గడిచిన 3, 4 గంటల్నీ లెక్కలోకి తీసుకో. పాలు తాగాక గంట కూడా నిద్రపోకపోతే 3 మార్కులు, రెండు గంటల లోపైతే 2. తుమ్ములు, ఆవలింతలు, కీచుమనే ఏడుపు, పక్కబట్టకి రాసుకుని ఎర్రబడిన గడ్డం, మోకాళ్లు, అన్నీ చూడు. వరసగా మూడుసార్లు 8కి తగ్గకపోయినా, రెండుసార్లు 12కి తగ్గకపోయినా మందు సంగతి డాక్టర్ చూడాలి. నెలలు నిండని బిడ్డకి స్కోరు తక్కువే వస్తుంది, దాన్ని నమ్మి ఊరుకోకు.

తల్లి వాడిందని తెలిసినంత మాత్రాన పి96.1 (తల్లి మత్తు ఆగి బిడ్డ పడే అవస్థకి జబ్బుల జాబితాలోని కోడ్) రాయకు, బిడ్డలో లక్షణాలుండాలి. వార్డులో మనమే ఇచ్చిన మత్తుమందు ఆపినందుకు వస్తే అది పి96.2.

ఇంకోటి, ఓపియాయిడ్ (హెరాయిన్, కొడీన్ జాతి మందు) అలవాటున్న తల్లికి పుట్టిన బిడ్డ ఊపిరి తియ్యకపోతే బ్యాగుతో ఊపిరివ్వండి. ఆ మత్తుకి విరుగుడైన నాలక్సోన్ జోలికి పోవద్దు, ఫిట్స్ తెప్పిస్తుంది.

లైటు తగ్గించి, బట్టలో చుట్టి, తల్లి గుండెలకి ఆనించి పడుకోబెట్టు. తను చెప్పింది కేస్ షీటులో రాయి, ఉయ్యాలకి కట్టే చీటీ మీద రాయొద్దు.