మెటల్ అంతా ఒకే రొదలా వినిపిస్తోంది, ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఉండేది బెంగళూరు మారతహళ్లి. ఆఫీసులో కుర్రాళ్లు మెటల్, హార్డ్‌కోర్ (పంక్ రాక్‌లో వేగమైన శాఖ) అంటూ ఉంటారు. వాళ్లిచ్చిన ప్లేలిస్ట్ రెండు వారాలు విన్నాను, పాటకీ పాటకీ తేడా తెలియలేదు. వినేది బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో. ఏ ఆల్బమ్‌లు, ఏ వరుసలో వినాలో చెప్పండి.

జవాబు: ముందు ఆ ప్లేలిస్ట్ తీసేయండి. 1970 నాటి రికార్డు పక్కన 2008 నాటిది పెడితే చెవి ఒక శబ్దానికి అలవాటు పడేలోపే ఇంకొకటి వచ్చి పడుతుంది. ఆల్బమ్ మొత్తం వరుసగా వినాలి.

రెండోది బాస్ బూస్ట్. సినిమా పాటలకని పెట్టుకున్న ఆ సెట్టింగే ఇక్కడ కొంప ముంచుతుంది. కాలితో వాయించే పెద్ద డ్రమ్ (కిక్ డ్రమ్) శబ్దంలో అడుగు భాగమూ, బాస్ గిటారూ దాదాపు 60 నుంచి 100 హెర్ట్జ్ మధ్యే ఇరుక్కుని ఉంటాయి. రెండు కాళ్లతో కొట్టే డబుల్ కిక్ వేగంగా పడుతున్నప్పుడు అక్కడ పెంచారంటే దెబ్బలన్నీ అంటుకుపోయి గుర్రుమంటుంది. దెబ్బ తగిలిన 'టక్' ఉండేది 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ దగ్గర. ఈక్వలైజర్‌ని ఫ్లాట్‌గా వదిలేస్తే చాలు. పాటలన్నిటినీ ఒకే వాల్యూమ్‌కి తెచ్చే నార్మలైజేషన్ సెట్టింగ్ మాత్రం ఆన్‌లో ఉంచండి, లేకపోతే విడుదలకి ముందు చివరి మెరుగులో (మాస్టరింగ్) శబ్దం గట్టిగా పెంచిన రికార్డే మంచిదన్న భ్రమ కలుగుతుంది.

మొదటి ఆల్బమ్ బ్లాక్ సబ్బాత్ వాళ్ల 'పారనాయిడ్' (1970). ఇందులో మెటల్ వినేవాళ్లం వాదించుకునేదేమీ లేదు. 'వార్ పిగ్స్' పాట చరణంలో గిటార్ రెండు దెబ్బలు కొట్టి ఆగిపోతుంది. హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) ఒక్కటే టిక్కుమంటూ ఉంటే ఆ ఖాళీలో గొంతు వస్తుంది. బరువంతా ఆ ఖాళీ వల్లే. మీకు రొదగా వినిపిస్తున్న పాటల్లోనూ వెతకాల్సింది ఇదే: గిటార్ ఎక్కడ ఆగుతోంది? గిటారిస్ట్ టోనీ అయోమీకి షీట్ మెటల్ ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కేది ఆ చేతితోనే. ప్లాస్టిక్ కరిగించి తొడుగులు చేసుకున్నాడు. 1971 నాటి 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'లో చాలా పాటలకు తీగల శ్రుతిని మూడు సెమీటోన్లు (మూడు స్వరస్థానాలు) కిందికి దించాడు. తీగ వదులైతే వేలికి సుఖం, చెవికి బరువు. తర్వాత వచ్చినవాళ్లు చాలామంది ఆ దారే పట్టారు.

ఆ తర్వాత మెటాలికా 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' (1986). అరుపులు పడకపోతే 'ఓరియన్'తో మొదలుపెట్టండి, అందులో గొంతే లేదు. సుమారు నాలుగో నిమిషంలో అంతా నెమ్మదించి బాసిస్ట్ క్లిఫ్ బర్టన్ వాయించిన బాస్ ముందుకొస్తుంది. ఆ ఒక్క చోటు పట్టుకుంటే ఆల్బమ్‌లో బాస్ ఎక్కడుందో మిగతా పాటల్లోనూ దొరుకుతుంది. టైటిల్ పాటలో గిటారిస్ట్ కుడిచేతిని వినండి: తీగ మీటే పిక్ పైకీ కిందికీ ఆడకుండా దాదాపు అన్నీ కిందికే పడతాయి, అరచేతి అంచు బ్రిడ్జి (తీగలు ఆనే కింది పట్టీ) దగ్గర తీగని అదిమి ఉంచుతుంది. 'జగ్ జగ్' అని తెగినట్టు వినిపించేది అందుకే. దీని వెంటనే 1988 నాటి '...అండ్ జస్టిస్ ఫర్ ఆల్' పెడితే, బర్టన్ పోయాక వచ్చిన జేసన్ న్యూస్టెడ్ బాస్ మిక్స్‌లో (వాయిద్యాలన్నీ కలిపిన తుది శబ్దంలో) దాదాపు లేనే లేదు. తప్పు మీ ఇయర్‌బడ్స్‌ది కాదు, మిక్సే అలా చేశారు. పాటలు గొప్పవే, శబ్దం మాత్రం ఎండిపోయిన కొమ్మలా ఉంటుంది. మెట్రోలో మాత్రం దీన్ని వినకండి, రైలు హోరు ఉన్న ఆ కాస్తనీ మింగేస్తుంది. మెట్రోకి స్లేయర్ 'రెయిన్ ఇన్ బ్లడ్' సరిపోతుంది: 10 పాటలు, 29 నిమిషాలు, ఎంజీ రోడ్‌లో ఎక్కితే వైట్‌ఫీల్డ్ రాకముందే అయిపోతుంది.

అదే మెటాలికా 2008లో తెచ్చిన 'డెత్ మాగ్నెటిక్'ని మొదట్లో వినకండి. శబ్దాన్ని అంత పైకి నెట్టారు కాబట్టి డ్రమ్స్ కొసలు తెగి చిటపటమంటాయి. నార్మలైజేషన్ వాల్యూమ్‌ని తగ్గిస్తుంది కానీ తెగిన కొసల్ని అతికించలేదు. గిటార్ హీరో గేమ్ కోసం ఇచ్చిన మిక్స్ అంతకంటే శుభ్రంగా ఉందని అభిమానులు అప్పట్లోనే పట్టేశారు.

రాగం ఇష్టమైతే ఐరన్ మెయిడెన్ 'పవర్‌స్లేవ్' (1984). రెండు గిటార్లు జంటగా పాడతాయి. 2007లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో కచేరీకి వచ్చింది వీళ్లే. ఇది నచ్చినవాళ్లకి మన బెంగళూరు బ్యాండ్ క్రిప్టోస్ కూడా నచ్చుతుంది, 'ఆఫ్టర్‌బర్నర్' (2019) వినండి. గొంతు గరుకు, గిటార్లు మాత్రం అచ్చంగా ఎనభైల నాటివి.

హార్డ్‌కోర్ మొదలుపెట్టడానికి వాషింగ్టన్ డీసీ బ్యాండ్లు చాలు. మైనర్ థ్రెట్ పాటలన్నీ కలిపిన 'కంప్లీట్ డిస్కోగ్రఫీ'లో 26 పాటలున్నాయి, మొత్తం ముప్పావు గంటకి రెండు మూడు నిమిషాలు ఎక్కువ. మాటలు అర్థమవుతాయి కాబట్టి భయం లేదు. బ్యాడ్ బ్రెయిన్స్ మొదటి ఆల్బమ్ (1982)లో వేగం మధ్యమధ్య జమైకా నెమ్మది సంగీతం రెగే వచ్చి చెవికి ఊపిరి పీల్చుకునే సందిస్తుంది. కన్వర్జ్ 'జేన్ డో' (2001) గొప్పదే, కానీ దాంతో మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా అక్కడే ఆపేస్తారు. మూడు నెలలు ఆగండి.

ఆల్టర్నేటివ్ రాక్‌లో నిర్వాణావి ఈ రెండు ఆల్బమ్‌లూ ఒకే రోజు వినండి. 'నెవర్‌మైండ్' (1991) మిక్స్ నున్నగా మెరుస్తుంది. 'ఇన్ యుటెరో' (1993) రికార్డ్ చేసిన స్టీవ్ ఆల్బినీ డ్రమ్స్‌తో పాటు గది మోతని కూడా పట్టాడు. 'సెంట్‌లెస్ అప్రెంటిస్' మొదటి పది సెకన్లలోనే తేడా తెలిసిపోతుంది. నా ఓటు రెండోదానికే.

కర్ణాటక సంగీతం కాస్త చెవిన పడినవాళ్లకి ఒక అడ్డదారి ఉంది. సౌండ్‌గార్డెన్ 'సూపర్‌అన్‌నోన్' (1994)లో 'స్పూన్‌మ్యాన్' రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ పదం) ఏడు లెక్క. ఏడు లెక్కల మిశ్ర చాపు తాళం తెలిస్తే తొడ మీద తాళం దానంతటదే పడుతుంది. టూల్ 'లాటరలస్' (2001) టైటిల్ పాట పల్లవిలో 9, 8, 7 లెక్కలు వరుసగా తిరుగుతాయి, మొత్తం 24. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ వింటే రొద అన్న మాటే గుర్తురాదు. ఆల్బమ్ మాత్రం దాదాపు 79 నిమిషాలు, ఆదివారానికి పెట్టుకోండి.

ఇవి అయ్యాక బెంగళూరు ఓపెన్ ఎయిర్ మెటల్ ఫెస్టివల్‌కి వెళ్లాలనిపిస్తే మందుల షాపులో ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ కొనుక్కోండి. 100 డెసిబెల్స్ దగ్గర చెవికి క్షేమమైన సమయం 15 నిమిషాలే. ప్లగ్‌ని సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలు తీయకండి. సగం బయటికి కనిపిస్తూ ఉంటే పెట్టుకోనట్టే.