ఎర్ర ఫిల్టరు

పాపా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. సెకండ్ హ్యాండ్ కెమెరా కొన్నావట, ఆదివారం తెల్లారకముందే గండికోటకు పోతున్నావట, అన్నీ బ్లాక్ అండ్ వైటే తీస్తావట. "రంగుల కాలంలో ఈ పిచ్చేంది మామా, నువ్వన్నా చెప్పు" అన్నాడు. చెప్తాలే అని పెట్టేసి, అటక మీది ట్రంకుపెట్టె దింపించాను. మన ఇంట్లో మళ్ళీ ఒకరికి ఈ పిచ్చి పట్టినందుకు ఎంత సంతోషమైందో వాడితో అనలేదు. నీకు చెప్తున్నా.

ముందు లోయ సంగతి. పెన్న పైన ఆ బండల అంచుకు అన్నిచోట్లా కంచె ఉండదు. ఇంకొంచెం ఫ్రేములో పట్టాలని కెమెరా కంటికి పెట్టుకుని వెనక్కి అడుగేయకు. కెమెరా దించు, తిరిగి చూడు, అప్పుడు నడువు. గ్రూప్ ఫోటోలు తీస్తూ వెనక్కి జరిగి స్టూడియోలో ఎన్నిసార్లు స్టూలు మీద పడ్డానో లెక్కలేదు. స్టూలైతే జనం నవ్వి ఊరుకుంటారు.

నీళ్ళు, టోపీ, ఇంకో బ్యాటరీ మరిచిపోకు. ఫ్రేమును మూడు వంతులుగా విడగొట్టే గీతల సంగతి ఫోనే నేర్పుతుంది, నేను వదిలేస్తా. పొద్దు వాలుగా ఉన్నప్పుడు మసీదు గోడలూ ధాన్యాగారం రాళ్ళూ చూడు, ప్రతి గరుకుకూ ఒక నీడ ఉంటుంది. ఎండ నడినెత్తికి వచ్చిందంటే కెమెరా సంచిలో పెట్టి నీడన కూర్చుని అన్నం తినండి.

ఒక పాత కిటుకు: కళ్ళు చికిలించి చూడు. రంగులు వెనక్కి తగ్గి వెలుగూ నీడా మిగులుతాయి. ఎర్ర అంచు పచ్చ చీర కంటికి ఎంత నిండుగా ఉంటుంది! నలుపు తెలుపులో చాలాసార్లు అంచేదో చీరేదో తెలియదు, రెండూ ఒకే బూడిద. ఏ రంగు ఎంత బూడిద కావాలో నువ్వే తేల్చుకోవాలి. తేల్చుకోకుండా నేను చేసిన నిర్వాకం చెప్తా, విను.

1979. స్టూడియో పెట్టి రెండేళ్ళు. చేతిలో యాషికా మ్యాట్ కెమెరా, 120 రోలు, రోలుకు 12 ఫోటోలు. ఫిల్మ్ అప్పట్లో ఊటీలో తయారయ్యే ఇందు బ్రాండు. మద్రాసు పోయేవాళ్ళకు డబ్బులిచ్చి ఎర్ర ఫిల్టరు, అంటే లెన్సు ముందు బిగించే ఎర్ర అద్దం, తెప్పించుకున్నా. అది నీలాన్ని ఆపేసి ఎరుపును వదులుతుంది. ఆకాశం కారునలుపు అవుతుంది, మబ్బులు పత్తిలా తేలతాయి, గండికోట ఎర్రబండలు వెలిగిపోతాయి. వెలుతురు మాత్రం ఎనిమిదో వంతే లోపలికి పోతుంది గనుక మూడు స్టాపులు, అంటే ఎనిమిది రెట్లు వెలుతురు, పెంచి పెట్టుకున్నా.

మీ జేజికీ, అంటే మా అక్కకూ, మీ జేజినాయనకూ అప్పుడు పెళ్ళయి నెల కూడా కాలేదు. ఇద్దర్నీ మాధవరాయస్వామి గుడి ముందు నిలబెట్టా. అక్క నుదుట రూపాయంత కుంకుమబొట్టు. ఆ కెమెరాకు రెండు కళ్ళు: పై కంట్లో మనం చూస్తాం, కింది కన్ను ఫోటో తీస్తుంది. ఫిల్టరు ఉన్నది కింది కంటికి. పైనుంచి చూస్తే బొట్టు నిండుగానే ఉంది. నొక్కేశా.

రాత్రి డార్క్ రూము. మే నెల. బొమ్మ తేల్చే మందు, డెవలపర్, 20 డిగ్రీలుండాలని సోడా అంగడి నుంచి ఐసు తెచ్చి గిన్నె చుట్టూ పేర్చేవాణ్ణి. ఎర్ర దీపం కింద ట్రేలో కాగితం ఊపుతుంటే ముందు జుట్టు తేలింది, తర్వాత కళ్ళు, నల్లపూసలు. బొట్టు రాలేదు. ఇంకాసేపు ఊపా. కాగితం నల్లబడుతోంది గానీ నుదురు అలాగే ఉంది. తాంబూలంతో పండిన పెదాలు కూడా పాలిపోయాయి.

ఆ ప్రింటు చూసి మా అమ్మ ఏమీ అనలేదు. పోయి పొయ్యి ముందు కూర్చుంది. తిట్టినా బాగుండేది. నాలుగు ప్రింట్లు చెడగొట్టుకుని, అయిదోదాని మీద సన్న బ్రష్షుతో బొట్టు దిద్దా. అక్క చూసి "నేను పెట్టుకునేదాని కన్నా గుండ్రంగా పెట్నావే" అని నవ్వింది. అమ్మ నవ్వలేదు. తర్వాత బావకు ఎప్పుడు జ్వరమొచ్చినా అమ్మ నావైపు చూసేది. బావ అరవై ఎనిమిదేళ్ళు బతికాడు, అది చూడ్డానికి అమ్మ లేదు.

మీ ఇంటి ముందు గదిలో ఉన్నది ఆ అయిదో ప్రింటే. అద్దం తీసి కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టి చూడు, బొట్టు ఉన్న చోట మెరుపు వేరేగా ఉంటుంది.

నీ కంప్యూటర్లో ఎరుపు స్లైడర్ ఉంటుంది చూడు, అది నా ఫిల్టరే. ఆకాశం కోసం దాన్ని జరిపినప్పుడు పక్కన నిలబడ్డ మనిషి మొహం ఏమైందో కూడా చూడు. మనుషులకు పసుపు ఫిల్టరు చాలు. కెమెరాను రా (RAW) ఫైలులో తీసేట్టు పెట్టు. తెర మీద నలుపు తెలుపు కనిపించినా లోపల రంగులన్నీ భద్రంగా ఉంటాయి, తప్పయితే దిద్దుకోవచ్చు. ఇంకొకటి, మేము ఫిల్మ్‌లో నీడలు పోకుండా చూసుకునేవాళ్ళం, నువ్వు వెలుగు పోకుండా చూసుకో. తెల్లగా కాలిపోయిన మబ్బును ఎవరూ వెనక్కి తేలేరు.

ఆడపిల్లకు ఇంత బరువు మోసే పని ఎందుకని మీ నాన్న మళ్ళీ అంటే, హోమై వ్యారవాలా పేరు చెప్పు. 1913లో పుట్టిన మనిషి, చీర కట్టుకుని, భుజాన కెమెరాలు వేసుకుని, స్వాతంత్ర్యం వచ్చిన నాటి ఢిల్లీని నలుపు తెలుపులోనే పట్టి చూపించింది.

ఆ ఫిల్టరు మీ బాబాయితో పంపుతున్నా. నీ లెన్సుకు పట్టదు. ఒక కన్ను మూసి, రెండో కంటికి అడ్డం పెట్టుకుని లోకాన్ని చూడు. అంచున నిలబడి మాత్రం చూడొద్దు.

గండికోట నుంచి వచ్చాక మీ జేజిని కూడా ఒకటి తీయి. ఇప్పుడు ఏ ఫిల్టరు వేసినా ఆ నుదురు ఒకటే. కిటికీ పక్కన కూర్చోబెట్టు, నేను దిద్దిన బొట్టు గురించి అడుగు, నవ్వుతుంది, అప్పుడు నొక్కు. ఫోన్లో పంపితే నాకు ఆనదు, ప్రింటు వేయించి తీసుకురా.

మీ తాత