డాక్టర్ సలహా: డాబా మీద పావురాలు రెక్కలు వాల్చేస్తున్నాయి.. మా మనవడికి ప్రమాదమా?

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 61. హైదరాబాద్‌లో కాటేదాన్ వైపు సొంత ఇంట్లో ఉంటున్నాం. మావారు ఉన్నప్పటి నుంచీ డాబా మీద పావురాలకు జొన్నలు వేయడం అలవాటు. నాలుగు నాటు కోళ్లు కూడా ఉన్నాయి. మూడు నెలలుగా పావురాలు ఒక్కొక్కటే నీరసపడిపోతున్నాయి. రెక్కలు వాల్చి గోడవారన కూర్చుంటాయి, ఎగరలేవు. రెట్ట పచ్చగా పడుతోంది. పట్టుకుంటే రొమ్ము ఎముక కత్తిలా తగులుతోంది. ఇప్పటికి ఏడు చచ్చిపోయాయి. కోళ్లేమో తోలుగుడ్లు (పెంకు గట్టిపడని మెత్తటి గుడ్లు) పెడుతున్నాయి. మా వెనక సందులో ఏడాది కిందట పాత బ్యాటరీలు పగలగొట్టి కరిగించే షెడ్డు ఒకటి వచ్చింది. రాత్రిపూట ఘాటైన పొగ వస్తుంది. మా మూడేళ్ల మనవడు ఎప్పుడూ డాబా మీదే ఆడతాడు, రోజూ మా కోళ్ల గుడ్డే తింటాడు. కోడలికి ఇప్పుడు అయిదో నెల. బాబుకు జ్వరం, దగ్గు ఏమీ లేవు. కానీ ఈమధ్య చిరాకు ఎక్కువైంది, అన్నం సరిగ్గా తినడు, మలబద్ధకం. పావురాల నుంచి ఏదైనా అంటుకుందా? వాటిని తరిమేయమని మా అబ్బాయి అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు చేయాల్సిన పని చెబుతాను, కారణాలు తర్వాత మాట్లాడుకుందాం. బాబుకూ, మీ కోడలికీ ఈ వారంలోనే రక్తంలో సీసం ఎంత ఉందో చూసే పరీక్ష చేయించండి. ల్యాబ్‌లో ‘బ్లడ్ లెడ్ లెవెల్’ అని అడిగితే తెలుస్తుంది. వేలికి గుచ్చి తీసే చుక్క కాకుండా చేతి నరం నుంచి తీసిన రక్తమే ఇవ్వండి. వేలికి అంటుకున్న దుమ్ములోనే సీసం ఉంటే, అది చుక్కలో కలిసి లెక్క తప్పుతుంది. రిపోర్టు వచ్చేదాకా మీ కోళ్ల గుడ్లు వాళ్లిద్దరికీ పెట్టకండి. బాబును డాబా ఎక్కనివ్వకండి.

ఇక పావురాల సంగతి. నేను పిల్లల డాక్టర్ని. పక్షుల జబ్బు తేల్చాల్సింది పశువైద్యులే. కోళ్లలో కొక్కెర తెగులు వచ్చినా పచ్చ రెట్ట పడుతుంది, రెక్కలు వాలిపోతాయి. పావురాలకూ అలాంటి వైరస్ జబ్బే ఒకటి ఉంది, అందులో మెడ మెలితిరిగిపోతుంది. బర్డ్ ఫ్లూ అనుమానాన్నీ కొట్టిపారేయలేం. అందుకే చచ్చిన పక్షిని వట్టి చేతులతో ముట్టుకోవద్దు. చేతికి కవరు తొడుక్కుని, రెండు కవర్లలో మూటగట్టి, పశువైద్యశాలకు ఫోన్ చేసి అడిగి తీసుకెళ్లండి. బతికున్న పావురానికి కూడా రక్త పరీక్ష, ఎక్స్‌రే చేయగలరు. కడుపులో సీసం ముక్కలుంటే ఎక్స్‌రేలో తెల్లటి చుక్కల్లా కనిపిస్తాయి.

అయినా నా ఆలోచన సీసం వైపే పోతోంది. వైరస్ అయితే సాధారణంగా గుంపులో త్వరగా పాకుతుంది. మీ పావురాలు మూడు నెలలుగా ఒక్కొక్కటే ఎండిపోతున్నాయి. కోళ్లు తోలుగుడ్లు పెడుతున్నాయి. ఇంటి వెనక బ్యాటరీల షెడ్డు ఉంది, అలాంటి షెడ్లలో కరిగించేది పాత బ్యాటరీల్లోని సీసాన్నే. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ డాక్టరుకైనా భయం వేస్తుంది.

పక్షులకు పళ్లుండవు కదా. గింజలు నలగడానికి అవి చిన్న చిన్న రాళ్లు ఏరి మింగుతాయి. ఆ రాళ్లు కందనకాయలో చేరి తిరగలి పని చేస్తాయి. సీసం రవ్వ కూడా పావురం కంటికి అలాంటి రాయిలాగే కనబడుతుంది. మింగిన రాయి అరుగుతుంది, సీసం కూడా అరుగుతుంది. తేడా ఏమిటంటే కడుపులోని ఆమ్లానికి సీసం కరిగి రక్తంలోకి ఎక్కుతుంది. నరాలు పట్టు తప్పుతాయి, మేత సంచి కదలడం మానేస్తుంది, తిన్న గింజ తిన్నట్టే ఉండిపోతుంది. ఎదురుగా జొన్నలున్నా పావురం ఆకలితో చిక్కి శల్యమవుతుంది. రొమ్ము ఎముక కత్తిలా తగలడానికి కారణం అదే. రక్తం తయారీ కూడా దెబ్బతిని పాలిపోతుంది. ఇంకో దారి రెక్కల నుంచి. పొగలోని దుమ్ము ఈకల మీద వాలుతుంది, పావురం రోజంతా ముక్కుతో ఈకలు సవరించుకుంటూ ఆ దుమ్మంతా మింగుతుంది.

ఇప్పుడు మీ మనవణ్ని తలచుకోండి. నేల మీద కూర్చుంటాడు, బంతి పట్టుకుంటాడు, అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటాడు. పావురం ముక్కు, పిల్లవాడి చెయ్యి, రెండూ ఒకే నేలను తాకుతున్నాయి. పెద్దవాళ్ల పేగులు మింగిన సీసంలో సుమారు పదో వంతే లోపలికి తీసుకుంటాయి. పిల్లల పేగులు దాదాపు సగం దాకా లాగేసుకుంటాయి. ఒంట్లో ఐరన్ తక్కువున్న పిల్లలైతే ఇంకా ఎక్కువ. అందుకే బాబుకు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పేది) పరీక్షలు కూడా అదే రోజు చేయించండి.

‘పావురాల నుంచి అంటుకుందా’ అని అడిగారు. సీసం పక్షి నుంచి మనిషికి అంటుకునే జబ్బు కాదు. ఆ పక్షులూ మీరూ ఒకే దుమ్ములో బతుకుతున్నారు, అంతే. న్యూయార్క్‌లో పరిశోధకులు 2010 నుంచి 2015 దాకా మన్‌హట్టన్‌లో జబ్బుపడి దొరికిన 825 పావురాల రక్తంలో సీసం లెక్కలు తీసి, అక్కడి పిల్లల రక్త పరీక్షలతో పోల్చి 2016లో ప్రచురించారు. ఏ పేటలో పావురాల్లో సీసం ఎక్కువగా ఉందో ఆ పేట పిల్లల్లోనూ ఎక్కువగానే ఉంది. పావురం పుట్టిన చోటు వదిలి దూరం పోదు. నాలుగు వీధుల్లోనే తిని, తాగి, పిల్లల్ని చేసుకుంటుంది. అందుకే దాని రక్తం ఆ నాలుగు వీధుల సంగతి చెబుతుంది. ఆస్ట్రేలియాలో ఎస్పరెన్స్ అనే రేవు పట్నంలో 2006 డిసెంబరు నుంచి పక్షులు వేల సంఖ్యలో రాలిపోయాయి. ఎందుకని ఆరా తీస్తే, రేవులో ఓడలకెక్కించే సీసం కార్బొనేట్ పొడి ఊరంతా ఎగురుతోందని తేలింది. తర్వాత పిల్లలకు పరీక్షలు చేస్తే వాళ్ల రక్తంలోనూ సీసం కనబడింది. అక్కడ ముందు పక్షులు పోబట్టే పెద్దవాళ్లు కళ్లు తెరిచారు. పావురాల్ని తరిమేద్దామనే మీ అబ్బాయికి ఈ సంగతి చదివి వినిపించండి. పావురాలు పోయినా దుమ్ము అక్కడే ఉంటుంది.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టింది తోలుగుడ్ల మాట. ఆ పక్కనే మీ కోడలికి అయిదో నెల అని రాశారు. కోడి గుడ్డు పెంకు కట్టడానికి బోలెడు కాల్షియం కావాలి. మేతలో వచ్చేది చాలకపోతే తన ఎముకల్లోంచి తీస్తుంది. మన శరీరమైనా, కోడి శరీరమైనా సీసాన్ని కాల్షియం అనుకునే మోసపోతుంది, అదే ఎముకల్లో దాచుకుంటుంది. గుడ్డు కోసం కాల్షియం బయటికి వచ్చినప్పుడు దాంతోపాటు సీసమూ వచ్చి పచ్చసొనలో, పెంకులో చేరుతుంది. (తోలుగుడ్లకు కాల్షియం లోపం, వైరస్ జబ్బులు కూడా కారణం కావచ్చు, అది పశువైద్యులు చూస్తారు.) గర్భంతో ఉన్న తల్లి విషయంలోనూ జరిగేది ఇదే. బిడ్డ ఎముకలు కట్టడానికి తల్లి ఎముకలు కరుగుతాయి. ఏళ్ల కిందట చేరిన సీసం అప్పుడు రక్తంలోకి వచ్చి మాయను దాటి బిడ్డకు చేరుతుంది. రక్తంలో సీసం నెల రోజులకు సగం తగ్గుతుంది కానీ ఎముకల్లోది దశాబ్దాల పాటు ఉండిపోతుంది. కాబట్టి కోడలికి డాక్టరమ్మ రాసిన కాల్షియం, ఐరన్ మాత్రలు ఒక్క రోజు కూడా మానకూడదు. పక్షుల సంగతీ, బ్యాటరీల షెడ్డు సంగతీ ఆమె డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. ‘ఇదేం సంబంధం’ అని మొహమాటపడొద్దు.

గుడ్ల సంగతి తేలిగ్గా తీసుకోకండి. 2022లో సిడ్నీలో 55 ఇళ్ల పెరటి కోళ్లను పరీక్షించారు. షాపు గుడ్ల కంటే ఆ గుడ్లలో సీసం సగటున 40 రెట్లు ఎక్కువ ఉంది. అక్కడ పక్కన బ్యాటరీల షెడ్డేమీ లేదు, పాత పెయింట్లు, పాత పెట్రోలు పొగతో పాడైన పెరటి మట్టి, అంతే. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది గానీ అప్పుడు మట్టిలో చేరిన సీసం ఎక్కడికీ పోలేదు. పైగా కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలో సీసం, క్రోమియం, నికెల్, జింక్ ఎక్కువగా ఉన్నాయని హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఎప్పుడో తేల్చారు. గుడ్డును ఉడకబెట్టినా, వేయించినా సీసం పోదు. జబ్బుపడిన కోడిని ‘వృథా ఎందుకు’ అని కోసుకుని తినకండి. కార్జం అయితే అసలే వద్దు, లోహాలు ఎక్కువగా చేరే చోట్లలో అదొకటి.

బాబు చిరాకు, ఆకలి లేకపోవడం, మలబద్ధకం, ఇవి సీసం వల్ల రావచ్చు. నులిపురుగుల వల్లా రావచ్చు, మూడేళ్ల వయసు వల్లా రావచ్చు. చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు, రక్తమే చెప్పాలి. అమెరికాలో న్యూ ఆర్లీన్స్ నగరంలో సీసం ఎక్కువున్న పేటల్లోని మాకింగ్‌బర్డ్ పిట్టలు, తమ హద్దులో మరో పిట్ట కూత వినబడితే మిగతా పేటల పిట్టల కంటే ఎక్కువగా ఎగబడుతున్నాయని 2019లో గమనించారు. చచ్చిపోయేంత సీసం లేకపోయినా మెదడు మీద పని చేసే సీసం ఉంటుందన్నమాట. పిల్లల్లో నన్ను భయపెట్టేది కూడా ఆ కొంచెం సీసమే. పిల్లాడు ఆడుతుంటాడు, తింటుంటాడు, బడిలో మాత్రం ఎందుకో వెనకబడతాడు.

రిపోర్టులో అంకె చూసి కంగారు పడకండి. సీసానికి ‘ఇంత ఉంటే పర్వాలేదు’ అనే హద్దు లేదు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 నుంచి పిల్లల్లో డెసీలీటరు రక్తానికి 3.5 మైక్రోగ్రాములు దాటితే జాగ్రత్త పడమంటోంది. 5 ఉంటే సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 45 దాటితే సీసాన్ని బయటికి లాగే మందులు ఆసుపత్రిలో పెట్టి ఇస్తాం. ఆ లోపు ఉన్నవాళ్లకు అసలు వైద్యం సీసం వచ్చే దారి మూయడమే. ఒంట్లో విషం కడిగేస్తామంటూ ఎవరో అమ్మే పొడులు, భస్మాలు కొనకండి. కొన్ని భస్మాల్లోనే సీసం, పాదరసం ఉంటాయి. ఎక్కువ వచ్చినా తక్కువ వచ్చినా కాగితం పట్టుకుని మీ పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి, మళ్లీ ఎప్పుడు పరీక్ష చేయించాలో ఆయన చెబుతారు.

ఇంట్లో పొడి చీపురు పక్కన పెట్టేయండి. ఊడిస్తే దుమ్ము లేచి మళ్లీ కంచాల్లోకే వస్తుంది. తడిగుడ్డతో తుడవండి, ఆ నీళ్లు మొక్కల్లో పోయకండి. చెప్పులు గుమ్మం బయటే వదలాలి. బాబు ఏం తిన్నా ముందు సబ్బుతో చేతులు కడగాలి. గుడ్లు మానేశామని బలం తగ్గించొద్దు, బజారు గుడ్డు, పాలు, పప్పు, ఆకుకూర, జామకాయ పెట్టండి. కడుపు ఖాళీగా ఉంటే సీసం ఎక్కువ ఎక్కుతుంది. ఇంకో మాట, మీరు రాయలేదు గానీ అడుగుతున్నాను. ఆ డాబా మీద వడియాలు, మిరపకాయలు, చింతపండు ఆరబెడుతున్నారా? ఈ ఏడాది ఆరబెట్టినవి ఉంటే పారేయండి. మనసు చివుక్కుమంటుందని తెలుసు. అయినా పారేయండి.

షెడ్డు మీద కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించకూడదు. ఫిర్యాదుకు బాబు రిపోర్టు, పావురాల ఫొటోలు, పశువైద్యుడిచ్చిన కాగితం జత చేయండి. సందులోని మిగతా ఇళ్లవాళ్లతోనూ సంతకాలు పెట్టించండి. ఆ షెడ్డులో పనిచేసేవాళ్లకూ పిల్లలుంటారు, వాళ్ల నాన్నల బట్టల మీదే ఆ దుమ్ము ఇంటికి వెళుతుంది. వాళ్లతో గొడవ పడకుండా, పిల్లలకు పరీక్ష చేయించుకోమని ఒక మాట చెప్పండి.

ఇక జొన్నల సంగతి. మీవారు మొదలుపెట్టిన అలవాటు మానమని చెప్పడానికి నాకూ బాధగానే ఉంది. కానీ ఆ నేల మీద గింజ వేస్తే పావురం గింజతోపాటు సీసాన్నీ ఏరుకుంటుంది. మీరు ప్రేమతో పిలిచిన చోటే దానికి విషం దొరుకుతోంది. దుమ్ము సంగతి తేలేదాకా ఆపండి. గోడ మీద వెడల్పు పళ్లెంలో నీళ్లు మాత్రం పెట్టి, పొద్దున, సాయంత్రం మార్చండి. రెట్ట ఎత్తాల్సి వస్తే ముందు నీళ్లు చల్లి, మాస్కు కట్టుకుని తీయండి. ఎండిన రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఆ పని కోడలికి అస్సలు చెప్పొద్దు. రెక్కలు వాల్చి కూర్చున్నవి ఇంకా ఉంటే గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి పశువైద్యశాలకు పంపండి. సీసమే అని తేలితే పక్షులకూ ఇంజెక్షన్లున్నాయి. మరీ ఆలస్యం కాకపోతే కొన్నయినా మళ్లీ ఎగురుతాయి.